నొప్పి లేదన్నందుకు పోయిన క్లెయిము

అబద్ధమాడి డబ్బు సంపాదించినవాళ్లను మీరు చాలామందిని చూసే ఉంటారు. న్యాయంగా తనకు రావలసిన డబ్బును అబద్ధమాడి పోగొట్టుకున్న మనిషిని మాత్రం చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. ఎలా పోగొట్టుకున్నానో దాచకుండా చెప్తాను, నవ్వుకోండి. నవ్వేటప్పుడు మాత్రం నడుము జాగ్రత్త. ఎందుకంటే నేను ఫిజియోథెరపిస్టుని, పట్టేసిన నడుము కనపడితే నాకు వెంటనే తిట్టాలనిపిస్తుంది.

అల్వాల్‌లో నాదొక చిన్న క్లినిక్. గొప్పగా ఊహించుకోకండి. ఒక షట్టరు, మధ్యలో ఆకుపచ్చ తెర, తెరకి అటువైపు పేషెంటు పడుకునే మంచం, ఇటువైపు గోడ పొడవునా ఒక బల్ల. ఆ బల్ల మీద పొద్దున్నుంచీ మోకాళ్లు, మెడలు, భుజాలు వరసగా కూర్చుని ఉండేవి. వాళ్లందరికీ నా దగ్గర ఒకటే మంత్రం.

"నొప్పీ లేదు, గిప్పీ లేదు. కదపండి!"

ఆర్మీలో సుబేదారుగా చేసి రిటైరైన మల్లయ్య గారు నడుము నొప్పితో వచ్చేవారు. సరిహద్దులో తుపాకులకి భయపడని ఆ పెద్దాయన నా గొంతు వింటే లేచి నిలబడేవారు. మోకాళ్ల సుజాతమ్మ గారైతే నేను బల్ల వైపు చూస్తే చాలు, కాలు ముందుకు చాపి చూపించేవారు. ఇంత అధికారం చేతిలో ఉన్న మనిషికి తనకీ ఒళ్లు నొప్పి పుడుతుందని ఎలా తోస్తుంది చెప్పండి? నాకూ తోచలేదు.

మా ఆయన నరేష్‌కి తోచింది. ఆయన సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, మాది కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఆ మధ్యనే ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఇంటి అద్దె, క్లినిక్ అద్దె, మా పాప స్కూలు, అన్నీ నా సంపాదన మీదే. ఓ సాయంత్రం ఆయన చాయ్ కప్పు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నారు.

"వసుధా, నీ పేరు మీద ఒక పాలసీ తీస్కుందాం."

"హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదండీ!"

"అది దవాఖాన బిల్లు కడ్తది. దవాఖాన నుంచి వచ్చినంక నువ్వు ఇంట్ల కూసుంటే? కిరాయి ఎవరు కడ్తరు? గ్యాస్ బండ ఎవరు ఇస్తరు?"

"నేనెందుకు కూర్చుంటాను?"

"చెయ్యి గిట్ల విరిగితే..."

"ఛీ ఛీ, ఏం మాటలండీ అవి! పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు."

"వాళ్లు తిరుగుతుంటరనే పాలసీ తీస్కోమంటున్న!"

ఆయన ఓపిగ్గా చెప్పుకొచ్చారు. ఇది ప్రమాదాల పాలసీ. దెబ్బ తగిలి చెయ్యో కాలో శాశ్వతంగా పనికిరాకుండా పోతే ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తారు. కొన్నాళ్లపాటు మాత్రమే పని చేయలేకపోతే, మన సంపాదనను బట్టి వారానికింత అని ఇస్తారు. జ్వరాలకీ జబ్బులకీ వర్తించదు, దెబ్బలకే.

"ఇగ అసలు షరతు ఇను. ఆ వారాలల్ల నీ పని నువ్వు అస్సల్ చెయ్యలేకుండా ఉండాలె. జెర చేస్తున్న అన్నా గాని పైసలు బంద్."

నేను 'ఊఁ' కొట్టి, చూపించిన చోటల్లా సంతకం పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ చివరి మాట ఒక చెవిలోంచి వెళ్లి రెండో చెవిలోంచి బయటికి వచ్చేసింది.

తథాస్తు దేవతలు మోండా మార్కెట్‌లో కాపు కాశారు. ఆదివారం కూరగాయలకి వెళ్లాను. ఒకామె నడుము విల్లులా వంచి టమాటాల గంప ఎత్తుతోంది. ఆదివారం కదా, నోరు మూసుకుని నా వంకాయలు నేను కొనుక్కోవచ్చు కదా? ఉహుఁ.

"అమ్మా, అలా నడుము వంచి ఎత్తకూడదు. నడుము నిటారుగా ఉంచి, మోకాళ్లు వంచి ఎత్తాలి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గట్లనా? ఏదీ, నువ్వు ఎత్తి చూపియ్యి!"

చూపించాను. సంచీ పక్కన పెట్టి, కొంగు దోపి, చుట్టూ చేరిన జనానికి ఒక్కో మెట్టూ వివరిస్తూ చూపించాను. మోకాళ్లు వంచాను, నడుము నిటారుగా పెట్టాను, గంపని ఒంటికి దగ్గరగా పట్టుకున్నాను. మా కాలేజీలో నేర్పినదానికి వెంట్రుకవాసి తేడా లేదు. కాకపోతే నా కుడికాలు క్యాబేజీ ఆకు మీద ఉంది. టమాటాలు ఒకవైపు, నేను ఒకవైపు, నా కుడి మణికట్టు మూడోవైపు వెళ్లాం.

"అయ్యో అమ్మా!" అంటూ ఆమే నన్ను లేపింది. "మోకాళ్లు మంచిగనే వంచినవ్ గాని, కాలు ఏడ పెడ్తున్నవో సుత చూస్కోవాలె గదా!"

ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, కట్టు పడింది. క్లినిక్ మూసేస్తే పేషెంట్లు చెదిరిపోతారని నా కాలేజీ స్నేహితురాలు స్వప్నని బతిమాలాను. తను వచ్చి వైద్యం చేసేది, ఆ ఫీజు తనే తీసుకునేది. అది న్యాయమే. నేను కుర్చీలో కూర్చుని చూసేదాన్ని. కట్టు ఉన్నన్ని వారాలూ పేచీ రాలేదు, ఎక్స్‌రే చూసి ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకున్నారు. అసలు కథ కట్టు విప్పాక మొదలైంది.

కట్టులోంచి బయటికొచ్చిన చెయ్యి నాది కాదనిపించింది. సన్నబడిపోయి, బిగుసుకుపోయి, తాళంచెవి కూడా తిప్పలేని చెయ్యి. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు ఇంకో రెండు నెలలు పేషెంట్ల జోలికి వెళ్లొద్దన్నారు. ఆ రెండు నెలలకీ వారాల డబ్బు రావాలంటే నేను ఇన్సూరెన్స్ వాళ్లకి నా చెయ్యి పని చేయడం లేదని చెప్పాలి. మరి బల్ల మీద వాళ్లకో? పళ్లూడిపోయిన పళ్ల డాక్టరు దగ్గరికి మీరు వెళ్తారా? తన చెయ్యే వంగని ఫిజియోథెరపిస్టు దగ్గరికి మోకాళ్లు వంచుకోవడానికి ఎవరొస్తారు? పైగా రోడ్డుకి అటువైపు అద్దాల తలుపులతో, ఏసీతో కొత్త సెంటరు ఒకటి అప్పుడే తెరిచారు. ఆ బోర్డు కనపడకుండా నా కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాను.

అందుకని అబద్ధానికి దిగాను.

"చెయ్యి ఎట్లుంది డాక్టరమ్మా?" అని సుబేదారు గారు అడిగారు.

"ఫస్ట్ క్లాస్! ముందుకంటే బలంగా ఉంది," అన్నాను చేతిని కోటు జేబులో దాచి.

చాయ్ ఎడమ చేత్తో తాగుతూ, అది మెదడుకి వ్యాయామమన్నాను. స్వప్న ఇంకా ఎందుకొస్తోందంటే, నేను తనకి ట్రైనింగ్ ఇస్తున్నానన్నాను. కాలేజీలో నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న స్వప్న తెర వెనక నుంచి చూసిన చూపు రాయడానికి వీల్లేదు.

ఇంతలో ఇన్సూరెన్స్ వాళ్లు తమ డాక్టరుని పంపుతున్నామని ఫోన్ చేశారు. నరేష్ ముందురోజే నన్ను కూర్చోబెట్టారు.

"ఇంటికి రమ్మందాం ఆయన్ని. క్లినిక్ల వద్దు."

"ఇంట్లో కూర్చుంటే నేను పని మానేశాననుకోరూ వాళ్లు?"

"మానేసినవనే గదా మనం చెప్పేది!"

"ఇన్సూరెన్స్ వాళ్లకి. బల్ల మీద వాళ్లకి కాదు."

ఆయన తల పట్టుకున్నారు. "సరే, ఏడనన్న చూపియ్యి. ఒక్కటే మాట చెప్పాలె. నొప్పి ఉంది, పని చెయ్యలేకపోతున్న. ఏదీ, చెప్పు."

"నొప్పి ఉం... అంటే, ఉండీ లేనట్టుగా..."

"మల్ల చెప్పు."

"నొప్పి అని కాదు గానీ, కొంచెం..."

"వసుధా! పేషెంటు నీ ముందు గిట్ల నసిగితే ఏమంటవ్?"

"నొప్పీ లేదు గిప్పీ లేదు, కదపండి అంటాను."

"ఖతం," అన్నారాయన.

మర్నాడు ఆ డాక్టరు గారు రానే వచ్చారు. నెమ్మదస్తుడు, చేతిలో ఫైలు. తెర వెనక్కి తీసుకెళ్లాను. రోజూ చేపల బజారులా ఉండే బల్ల ఆ రోజు చప్పుడు చేయడం లేదు. అన్ని చెవులూ తెర మీదే ఉన్నాయని నాకు తెలుసు.

"చెయ్యి చాపండి మేడం. ఇలా వంచితే నొప్పి ఉందా?"

ప్రాణం జివ్వుమంది. సరిగ్గా అప్పుడే బయట సుబేదారు గారు దగ్గారు.

"లేదండీ!" అన్నాను, బస్టాండుకి వినిపించేలా. అంటూనే కళ్లు పెద్దవి చేసి, కనుబొమలు ఎగరేసి, ఉంది ఉంది అని తల పైకీ కిందకీ ఆడించాను.

ఆయన పరీక్షగా చూశారు. "కళ్లలో ఏమైనా పడిందా?"

దగ్గరికి వంగి గుసగుసగా, "నొప్పి ఉందండీ," అన్నాను.

"ఏంటి? వినపడలేదు. కొంచెం గట్టిగా చెప్పండి."

"ఏమీ లేదండీ అంటున్నాను!"

ఆయన రాసుకున్నారు. "పిడికిలి బిగించండి. పూర్తిగా బిగుసుకుంటోందా?"

"భేషుగ్గా!"

"అయితే నా చెయ్యి గట్టిగా నొక్కండి చూద్దాం."

ఇక్కడ మీరు నన్ను క్షమించాలి. నొక్కమంటే మెల్లగా నొక్కి వదిలేయొచ్చు. చేయగలిగిందీ అంతే. కానీ జీవితమంతా ఇంకొంచెం, ఇంకొంచెం అని జనాన్ని అదిలించిన నోరు లోపలి నుంచి నన్నే అదిలించింది. పళ్లు బిగబట్టి, ఉన్న బలమంతా కూడదీసుకుని నొక్కాను. కళ్ల ముందు నల్లటి చుక్కలు తిరిగాయి.

"అబ్బో, గ్రిప్పు బానే ఉందే!" అన్నారాయన.

నాకు గర్వం కూడా వేసింది. నా వెర్రి ఎంతవరకూ వెళ్లిందో చూశారా!

ఆయన తెర తీసి బల్ల వైపు తిరిగారు. "మేడమే చూస్తున్నారా మిమ్మల్ని?"

సుబేదారు గారు అటెన్షన్‌లో నిలబడ్డారు. "మరెవరు చూస్తరు సార్! నిన్ననే నా నడుము పట్టింది. ఉక్కు చేతులు!"

"నా మోకాలు సుత మేడమే చూసింది," అన్నారు సుజాతమ్మ గారు.

రెండూ పచ్చి అబద్ధాలు. నడుమూ మోకాలూ చూసింది స్వప్న. పాపం, అమాయకులు, ఎవరి చేతులో కూడా పోల్చుకోలేకపోతున్నారు అనుకుని లోపల మురిసిపోయాను. డాక్టరు గారు ఫైలు మూసి, దండం పెట్టి వెళ్లిపోయారు.

"కొంప ముంచుకున్నావే," అంది స్వప్న.

ముంచుకున్నానని ఫోన్ వచ్చాక తెలిసింది. "మేడం, కట్టు విప్పినప్పటి నుంచి మీరు పని చేసుకుంటున్నట్టు రిపోర్టు వచ్చిందండి. ఆ వారాలకి క్లెయిము రాదు." గొంతు ఎంతో మర్యాదగా ఉంది. నరేష్ తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు.

"రేపటి నుంచి బండి మీద పార్సిళ్లు ఏస్తా తియ్యి. నువ్వు పరేషాన్ గాకు," అన్నారు.

ఆ మాటకి నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఉద్యోగాల ఇంటర్వ్యూలకి తిరగాల్సిన మనిషి, నా పరువు కోసం ఎండలో గుమ్మం గుమ్మం తిరుగుతాడన్నమాట. రెండు అద్దెలు ఎలా కట్టాలో తెలియదు. భయమేసింది. నా మీద నాకే అసహ్యమేసింది. ఆ తర్వాత మొండితనం వచ్చింది. ఇన్ని వారాలూ నా పట్టుదలంతా నొప్పి దాచడానికే ఖర్చు చేశాను. అందులో సగం పెట్టినా బయటపెట్టలేనా?

వెంటనే ఇన్సూరెన్స్ ఆఫీసుకి ఫోన్ చేశాను. మళ్లీ పరీక్ష చేయమని అడగొచ్చన్నారు. ఆపరేషన్ చేసిన డాక్టరు గారి సర్టిఫికెట్ తేవాలి, క్లినిక్‌లో వైద్యం ఎవరు చేస్తున్నారో కూడా తేలాలి. అంటే ఉక్కు చేతులని సాక్ష్యం చెప్పినవాళ్లే వచ్చి కాదని చెప్పాలి. అంటే ముందు వాళ్లకి నేను నిజం చెప్పాలి.

మర్నాడు పొద్దున్నే బల్ల ఎదురుగా నిలబడ్డాను. జేబులోంచి చెయ్యి తీసి అందరికీ కనపడేలా పట్టుకున్నాను.

"మీ అందరికీ ఒక సంగతి చెప్పాలి. నా చెయ్యి బాగాలేదు. వంగదు, నొక్కదు, రాత్రుళ్లు నొప్పి. ఇన్నాళ్లూ మీకు అబద్ధం చెప్పాను. మీలో ఎవరైనా ఎదురు సెంటరుకి వెళ్లాలనుకుంటే నేనేమీ అనుకోను."

చెప్పేసి కళ్లు మూసుకున్నాను. ఎవరూ లేచిన చప్పుడు కాలేదు.

"మాకెరుకనే గద బిడ్డా," అన్నారు సుబేదారు గారు.

కళ్లు తెరిచాను. "ఏం ఎరుక?"

"కట్టు ఇప్పిన దినం నుంచే ఎరుక. షట్టరు తాళం స్వప్న మేడం తీస్తది. నీ చెయ్యి జేబుల నుంచి బయటికి రాదు. నా నడుము మీద ఎవరి చెయ్యి పడ్డదో నాకు తెల్వదా? నీ చెయ్యి పడితే నేను ఒర్రుతా!"

"మరి... మరి ఆ డాక్టరు గారితో ఉక్కు చేతులని ఎందుకు చెప్పారండీ!"

"గిదేం అడుగుడు? నువ్వు లోపల నుంచి గంత గట్టిగ నొప్పి లేదు, నొప్పి లేదు అని మొత్తుకుంటుంటే, మేం బయట కూసుని ఉన్నదని చెప్తమా? నీ ఇజ్జత్ ఏం గావాలె? ఆయన ఎదురు సెంటరోళ్లు పంపిన మనిషనుకున్నం!"

"ఆ సెంటరుకు ఎందుకు పోతం?" అన్నారు సుజాతమ్మ గారు. "నేను ఒక్కసారి పోయి చూసిన. ఆడ అందరు మెల్లగ, మర్యాదగ మాట్లాడ్తున్నరు. తిట్టకపోతే నా కాలు లేస్తదా?"

లెక్క ఇలా తేలింది. నా మహా నాటకం మొత్తానికి మోసపోయింది ఒకే ఒక్కడు. ఆయన మోసపోకూడని ఒకే ఒక్కడు. మిగతా అల్వాల్ అంతా నా కోసం నాటకంలో వేషాలు వేసింది. నవ్వాలో ఏడవాలో తెలియక బల్ల చివర కూలబడి రెండూ చేశాను.

రెండో పరీక్ష సికింద్రాబాద్‌లో, వాళ్ల ఆఫీసులోనే. నేను, నరేష్, స్వప్న వెళ్తే చాలనుకున్నాను. రెండు ఆటోలు నిండాయి. సుబేదారు గారు నడుముకి బెల్టు బిగించి ముందు నడిచారు. సుజాతమ్మ గారు మెట్లెక్కుతూ ఒక్కో మెట్టుకీ నన్ను తలుచుకున్నారు. అదే డాక్టరు గారు, అదే ఫైలు. నా వెనక గోడ పక్కన నా బల్లంతా నిలబడింది.

"ఇలా వంచితే నొప్పి ఉందా?"

"లే..." అని వచ్చేసింది నా నోట్లోంచి. అలవాటు చూశారూ, అది నాకంటే ముందుంటుంది.

"డాక్టరమ్మా!" పరేడ్ గ్రౌండ్‌లో వినాల్సిన గొంతు గదిలో మోగింది. "తక్లీఫ్ ఉంటే ఉన్నదని చెప్పు!"

"ఉందండీ," అన్నాను. "చాలా ఉంది. పని అస్సలు చేయలేకపోతున్నాను." అన్నాక ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇన్నేళ్లూ నా పేషెంట్లని ఇంత సుఖానికి ఎందుకు దూరం చేశానో!

సుబేదారు గారు నడుము పట్టింది స్వప్న మేడమని వాంగ్మూలం ఇచ్చారు. ఎవరూ అడగకపోయినా ఎక్కడెక్కడ పట్టిందో కూడా చూపించారు. డాక్టరు గారు అన్నీ రాసుకుని, సర్టిఫికెట్ చూసి, "ఈసారి సరిపోతుందిలెండి," అన్నారు. నరేష్ ముఖంలోకి చాలా రోజుల తర్వాత నెత్తురు తిరిగొచ్చింది.

అందరం లేచాం. అప్పుడు ఆ డాక్టరు గారు పెన్ను పక్కన పెట్టి, మెడ వెనక చెయ్యి వేసుకుని, ముఖం చిట్లించారు.

"మేడం, మీరెలాగూ ఫిజియో కదా. పొద్దున్నుంచీ నా మెడ ఇటువైపు తిరగడం లేదు. ఏం చెయ్యమంటారు?"

మీరు నమ్మాలి. నా ప్రమేయం లేకుండా నా కాళ్లు ఆయన కుర్చీ వెనక్కి వెళ్లాయి. నా రెండు చేతులూ లేచాయి. "నొప్పీ లేదు గిప్పీ లేదు, ఒక్క నిమిషంలో నేను..." అని నా నోరు అందుకుంది.

నరేష్ ఒక్క గెంతు గెంతి నా నోరు మూశారు. సుబేదారు గారు, నడుము నొప్పి సంగతే మరిచిపోయి, నా రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నారు. "ఆమెకు చాత కాదు సార్!" అని బల్లంతా ఒక్క గొంతుతో అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది స్వప్న.

ఆయనకి నిజంగానే మెడ పట్టేసిందో, నన్ను పరీక్షించారో ఇప్పటికీ తెలియదు. ఫైలు మాత్రం మళ్లీ తెరవలేదు. వారాల డబ్బు వచ్చింది, అద్దెలు కట్టాం, నరేష్‌కి పార్సిళ్లు మోయక్కర్లేకుండానే ఉద్యోగం దొరికింది. రెండు నెలల తర్వాత నా చేతులు సుబేదారు గారి నడుము మీద పడ్డ రోజున ఆయన కేక రోడ్డు అవతలి సెంటరు దాకా వినిపించిందని చెప్పుకున్నారు.

కాబట్టి ఇదే నా ప్రమాణం. అల్వాల్ వాస్తవ్యురాలినైన వసుధ అనే నేను, సకల నడుముల సాక్షిగా, సమస్త మోకాళ్ల సాక్షిగా చెప్తున్నాను. ఇకమీదట నా ఒంట్లో ఎక్కడ ఏ ఎముక విరిగినా, ఎంతమంది తెర అవతల చెవులు రిక్కించి కూర్చున్నా, నొప్పి ఉందా అని అడిగితే ఉందనే చెప్తాను. ఈ ప్రమాణం తప్పినట్టయితే, నా నోరు మూసే హక్కు నా భర్తకీ, నా చేతులు విరిచిపట్టే హక్కు భారత సైన్యానికీ ఇందుమూలంగా రాసిస్తున్నాను.